పొగగొట్టం ఎక్కకుండా పొగ లెక్క

బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

చమురు శుద్ధి కర్మాగారం నుంచి ఏడాదికి ఇన్ని వేల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, ఇన్ని వేల టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో కలుస్తున్నాయని నివేదికల్లో రాస్తారు. ఆ అంకె చూడగానే సైన్సు చదివేవాడికి మొదట రావలసిన అనుమానం, దాన్ని ఎవరు తూచారు అని. పొగని బస్తాలో పోసి కాటా మీద పెట్టలేం గదా. పొగగొట్టానికి పరికరం బిగించి కొలవడం ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను. కాని ప్రపంచమంతటా ఇలాంటి అంకెల్లో చాలాభాగం పొగని చూసి వచ్చినవి కావు, కొలిమిలో కాల్చిన ఇంధనాన్ని చూసి వచ్చినవి. ఆ లెక్క ఎలా కడతారో, అందులో ఏ అంకెని ఎంతవరకు నమ్మవచ్చో నాకు తెలిసినంత మేరకు చెప్పాలని ఈ వ్యాసం. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ గుర్తుంటే చాలు.

విశాఖపట్నంలో ఉండేవాళ్లకి మల్కాపురం వైపు పొగగొట్టాలు కొత్త కాదు. కాల్టెక్స్ కంపెనీ 1957లో అక్కడ ఏడాదికి 6.75 లక్షల టన్నుల ముడి చమురు శుద్ధి చేసే కర్మాగారం నెలకొల్పింది. తూర్పు తీరంలో అదే మొదటిది. 1976లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపారు. విస్తరణలన్నీ అయ్యాక ఇప్పుడు దాని శక్తి ఏడాదికి కోటిన్నర టన్నులు. అటు యారాడ కొండ, ఇటు సింహాచలం కొండలు, మధ్యలో పల్లెంలాంటి నేల. గాలి కదలని చలికాలపు రాత్రి పొగ ఆ పల్లెంలోనే ఉండిపోతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసి, 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలంది. అందులో విశాఖ ఒకటి. కారణం ఒక్క రిఫైనరీయే అని నేను అనడం లేదు. పక్కనే ఓడరేవు ఉంది, ఉక్కు ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. ఎవరి వాటా ఎంత అని తేల్చడానికే ఈ లెక్కలు కావాలి.

ముందుగా ఒక సంగతి. రిఫైనరీ చమురుని అమ్మడమే కాదు, తానూ తింటుంది. ముడి చమురుని సుమారు 350 డిగ్రీల దాకా వేడిచేసిగాని స్వేదన స్తంభంలోకి పంపరు. ఆ వేడికి కొలిమి, ఆవిరికి బాయిలరు, కరెంటుకి టర్బైను కావాలి. వీటన్నిటిలో కాల్చేది చాలావరకు సొంత సరుకే. శుద్ధిలో పుట్టే మీథేన్, ఈథేన్, హైడ్రోజన్ కలిసిన రిఫైనరీ గ్యాసు ఒకటి. అడుగున మిగిలే చిక్కటి ఇంధన తైలం ఇంకొకటి. లోపలికి వచ్చిన ముడి చమురులో నూటికి ఆరు నుంచి పది వంతులు ఇలా సొంత వాడకానికీ తరుగుకీ పోతుందని మోటుగా చెప్పవచ్చు. మా ఇళ్లల్లో పండిన ధాన్యంలో విత్తనానికీ తిండికీ తీసి పక్కన పెట్టినట్టే.

ఇక లెక్క సూత్రం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కాల్చిన ఇంధనం ఎంతో కనుక్కో, టన్నుకి ఎన్ని కిలోల కాలుష్యం వస్తుందో ఆ సంఖ్యతో హెచ్చవెయ్యి. ఆ రెండో సంఖ్యని ఉద్గార గుణకం అంటారు. కిటుకంతా అందులోనే ఉంది. ఎందుకంటే కొన్ని గుణకాలు ప్రకృతి నియమం నుంచి వస్తాయి, కొన్ని సగటు నుంచి వస్తాయి. పట్టికలో రెండూ పక్కపక్కనే ఒకే సైజు అచ్చుతో ఉంటాయి. చదివేవాడికి తేడా తెలియదు.

గంధకం మొదటి రకం. గంధకం పరమాణు భారం 32. అది రెండు ఆక్సిజన్లతో కలిస్తే 64. అంటే ఒక కిలో గంధకం కాలితే రెండు కిలోల సల్ఫర్ డయాక్సైడ్ రావాలి. తైలంలో ఉన్న గంధకం ఎక్కడికీ మాయమవదు. అతి కొద్దిగా ట్రయాక్సైడ్‌గా మారుతుంది, ఇంకాస్త మసిలో ఉండిపోతుంది. కిలోలీటరు తైలం బరువు 950 కిలోలు అనుకుని, అందులో ఒక శాతం గంధకం ఉంటే 9.5 కిలోలు. రెండుతో హెచ్చిస్తే 19 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. ఇది నల్లబల్ల మీద లెక్క. ఇప్పుడు అమెరికా వాళ్ల పుస్తకం చూద్దాం. ఏ.పి.-42 అని పిలిచే ఈ ఉద్గార గుణకాల సంకలనాన్ని అక్కడి ప్రజారోగ్య శాఖ మొదట 1968లో ప్రచురించింది. తరువాత వాళ్ల పర్యావరణ సంస్థ చేపట్టి 1995లో అయిదో కూర్పు తెచ్చింది. అందులో చిక్కటి తైలానికి వెయ్యి గ్యాలన్లకు 157 పౌన్లు, దాన్ని గంధకం శాతంతో హెచ్చించమన్నారు. మన కొలతల్లోకి మారిస్తే కిలోలీటరుకి 18.8 కిలోలు. 19కీ 18.8కీ తేడా ఆ ట్రయాక్సైడ్, మసి వగైరాలే. ఈ రెండూ కలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది. ఎంత పెద్ద పుస్తకమైనా ద్రవ్యనిత్యత్వ సూత్రం దాటిపోదు!

ఇప్పుడు ఊహకి ఒక రిఫైనరీ తీసుకుందాం. ఇది ఏ ఒక్క ఊరిదీ కాదు, లెక్క కోసం అనుకున్నదే. ఏడాదికి కోటి టన్నుల ముడి చమురు. అందులో నూటికి ఎనిమిది, అంటే 8 లక్షల టన్నులు సొంత ఇంధనం. అదంతా ఒక శాతం గంధకమున్న తైలమే అనుకోండి. గంధకం 8,000 టన్నులు, సల్ఫర్ డయాక్సైడ్ 16,000 టన్నులు, అంటే రోజుకి దాదాపు 44 టన్నులు.

అదే రిఫైనరీ తైలం 2 లక్షల టన్నులకు తగ్గించి మిగతా 6 లక్షల టన్నులు గ్యాసు కాల్చిందనుకోండి. తైలం వంతు 4,000 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. గ్యాసులో గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ రూపంలో ఉంటుంది. 2008లో మన దేశంలో వచ్చిన రిఫైనరీ ప్రమాణాల ప్రకారం ఇంధన గ్యాసులో అది ఘనపు మీటరుకి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. గ్యాసు ఘనపు మీటరుకి 0.8 కిలో అనుకుంటే 6 లక్షల టన్నులంటే 75 కోట్ల ఘనపు మీటర్లు. 150తో హెచ్చిస్తే 112.5 టన్నుల హైడ్రోజన్ సల్ఫైడ్. 34కి 64 నిష్పత్తిలో అది దాదాపు 212 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. మొత్తం ఇంధనంలో ముప్పాతిక వంతు గ్యాసు ఇచ్చింది 212. పాతిక వంతు తైలం ఇచ్చింది 4,000. (టన్ను గ్యాసులో టన్ను తైలం కంటె వేడి ఎక్కువ. సులువు కోసం ఆ తేడా వదిలేశాను.)

ఈ లెక్క చేశాక నాకు అర్థమైంది ఏమిటంటే, రిఫైనరీ ఎంత పెద్దదని అడగడం కంటె ఏం కాలుస్తోందని అడగడం ముఖ్యం. కోటి టన్నులా, కోటిన్నర టన్నులా అన్నది ఒకటిన్నర రెట్ల తేడా. తైలమా, గ్యాసా అన్నది టన్నుకి యాభై రెట్లకు పైన తేడా.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర మాత్రం ఈ చాతుర్యం పని చెయ్యదు. వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాల్లోని సంఖ్యలు వాడితే టన్ను తైలానికి 3.13 టన్నులు, టన్ను రిఫైనరీ గ్యాసుకి 2.85 టన్నులు వస్తాయి. మన మొదటి లెక్కలో మొత్తం 25 లక్షల టన్నులు, రెండో లెక్కలో 23.4 లక్షలు. వేడి తేడా కూడా కలిపితే ఇంకొంత తగ్గుతుంది గాని, గంధకం పడిపోయినట్టు పడిపోదు. గంధకం ఇంధనంలో మలినం, కడిగెయ్యవచ్చు. కార్బన్ ఇంధనమే.

ప్రమాణాల మాట వచ్చింది గనుక ఇంకో సరదా లెక్క. అదే 2008 ప్రమాణాల్లో తైలం కాల్చే పాత కొలిముల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకి 1,700 మిల్లీగ్రాములు, కొత్త కొలిములకు 850 అని పరిమితి పెట్టారు. గ్యాసు కాలిస్తే 50. ఈ 1,700 ఎక్కడినుంచి వచ్చిందో అని కూర్చుని చూశాను. కిలో తైలంలో కార్బన్ 0.87, హైడ్రోజన్ 0.11 కిలో ఉందనుకుని సమీకరణాలు రాస్తే, కావలసిన గాలి, వచ్చే పొగ దొరుకుతాయి. నీటి ఆవిరి తీసేసి, ప్రమాణాల్లో చెప్పినట్టు మూడు శాతం ఆక్సిజన్ దగ్గరికి సవరిస్తే సున్నా డిగ్రీల దగ్గర 11.8 ఘనపు మీటర్ల పొగ. ఒక శాతం గంధకమంటే 20,000 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. భాగిస్తే 1,695! ఇరవైఅయిదు డిగ్రీల దగ్గర కొలిస్తే పొగ వ్యాకోచించి 1,550 వస్తుంది. ఎలా చూసినా 1,700 అన్నది ‘ఒక శాతం, లేదా కాస్త పైన గంధకమున్న తైలం కాల్చుకో’ అని చెప్పడమే. 850 అంటే అర శాతం. మామూలు ఫర్నేస్ ఆయిల్‌లో మూడు నాలుగు శాతం దాకా గంధకం ఉండవచ్చు. అది నేరుగా కాలిస్తే పరిమితికి మూడు రెట్లు. అందుకే బాంబే హై చమురులాంటి తక్కువ గంధకపు సరుకుని చూసుకోవడమో, గ్యాసుకి మారడమో చెయ్యాలి.

నైట్రోజన్ ఆక్సైడ్లు రెండో రకం. గంధకంలా ఇక్కడ ఇంధనాన్ని మాత్రం చూసి చెప్పలేం. ఎందుకంటే నైట్రోజన్ ఎక్కువగా వచ్చేది గాలి నుంచి. మంట బాగా వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలుస్తాయి. ఈ చర్యల వరసని వివరించిన రష్యన్ శాస్త్రజ్ఞుడు జెల్డోవిచ్ పేరుతోనే దాన్ని చెబుతారు. ఆకాశంలో మెరుపు చేసేదీ ఇదే పని. కాబట్టి ఒకే గ్యాసు, ఒకే పరిమాణం కాల్చినా మంట ఎంత వేడిగా ఉంది, గాలి ఎంత ఎక్కువ ఇచ్చారు, బర్నరు ఎలాటిది అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. ఏ.పి.-42లో సహజ వాయువుకి ఇచ్చిన సంఖ్యలు చూడండి. ఏ అదుపూ లేని చిన్న బాయిలరుకి వెయ్యి ఘనపు మీటర్లకు 1.6 కిలోలు. అదే చిన్న బాయిలరుకి మంటని చల్లబరిచే తరహా బర్నరు పెడితే 0.8. పాతకాలపు పెద్ద బాయిలరుకి 4.5. మన ఊహా రిఫైనరీ గ్యాసు వేడి విలువ సహజ వాయువుకి దగ్గరే కనుక ఈ సంఖ్యలే 75 కోట్ల ఘనపు మీటర్లకు వేస్తే వరసగా 1,200 టన్నులు, 600 టన్నులు, దాదాపు 3,400 టన్నులు వస్తాయి. ఇంధనం అంతే. జవాబు 600 నుంచి 3,400 దాకా ఎక్కడైనా ఉండవచ్చు.

ఇది చదివినప్పుడు నాకు పంట కోత ప్రయోగాలు గుర్తొచ్చాయి. వ్యవసాయ కుటుంబాల వాళ్లకి తెలిసే ఉంటుంది. ఊళ్లో కొన్ని చేలని చీటీ తీసినట్టు ఎంచుకుని, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గడి కొలిచి తాడు కట్టి, అంతవరకే కోసి నూర్చి తూస్తారు. దానితో ఊరి మొత్తం దిగుబడి లెక్క కడతారు. పంటల బీమా డబ్బు దానిమీదే ఆధారపడుతుంది. పద్ధతి తప్పేమీ కాదు, దేశమంతటి పంట కొలవాలంటే అంతకన్న మార్గం లేదు. కాని సగటు ఊరికి నిజం, ఒక్కొక్క చేనుకి నిజం కానక్కరలేదు. కాలవ చివర పల్లంలో మునిగిన చేనూ, మెరకలో బాగా పండిన చేనూ ఆ సగటులో ఒకటే. ఉద్గార గుణకం కూడా సరిగ్గా ఇలాటిదే. కొన్ని పొగగొట్టాల దగ్గర కొలిచి సగటు తీసి, అదే రకం వాటన్నిటికీ వర్తింపజేస్తారు. ఈ మాట దాచకుండా ఆ పుస్తకం మొదట్లోనే రాశారు. సగటు కనుక, ఉన్నవాటిలో దాదాపు సగం దానికంటె ఎక్కువ వదులుతాయని, ఒక్క ప్రత్యేక కర్మాగారానికి పరిమితి నిర్ణయించడానికి దీన్ని వాడమని తాము సిఫారసు చెయ్యడం లేదని. ప్రతి గుణకానికీ ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా ఒక అక్షరం కూడా వేశారు, మన గ్రేడుల్లాగ. ‘ఏ’ అంటే బాగా నమ్మదగ్గది, ‘ఇ’ అంటే బలహీనమైనది. ఇతర నివేదికల్లోకి ఆ అంకెలు ఎక్కించుకునేటప్పుడు చాలామంది ఆ అక్షరం వదిలేస్తారు. నా మటుకు నాకు అది వదిలెయ్యడం మార్కులు చెప్పి ఎన్నింటికో చెప్పకపోవడంలాంటిది.

మరి కొలిచేస్తే పోలేదా? 2014లో కాలుష్య నియంత్రణ మండలి రిఫైనరీలతో సహా 17 రకాల పరిశ్రమలకు పొగగొట్టాల్లో ఎడతెగక కొలిచే పరికరాలు పెట్టమని ఆదేశించింది. మంచిదే. అయినా లెక్క అవసరం పోలేదు. పరికరం చెప్పేది ఘనపు మీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని. ఎన్ని ఘనపు మీటర్లు పోయాయో కూడా తెలిస్తేగాని టన్నులు రావు. ఇంధనం లెక్కతో సరిపోల్చకపోతే పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియదు. తైలంలో గంధకం రెండింతలైన నెలలో పొగలో అంకె కదలలేదంటే ఎక్కడో తిరకాసు ఉన్నట్టే.

అన్నిటికన్నా పెద్ద కారణం, ఇంకా కట్టని పొగగొట్టానికి పరికరం పెట్టలేం. మధుర రిఫైనరీ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లో మధుర దగ్గర రిఫైనరీ కడతామన్నప్పుడు, అది ఆగ్రాకి వాయవ్యాన దాదాపు 40 కిలోమీటర్లు, గాలి అటునుంచి ఇటు వీస్తుంది, తాజ్‌మహల్ పాలరాయి ఏమవుతుందని దేశమంతా గోల లేచింది. రసాయన శాస్త్రజ్ఞుడు ఎస్. వరదరాజన్ అధ్యక్షతన 1970లలో నిపుణుల సంఘం వేశారు. వాళ్లు రాబోయే రిఫైనరీ వదలబోయేది అంచనా కట్టడంతో ఊరుకోలేదు. ఆగ్రాలో అప్పటికే ఎవరు ఏం కాలుస్తున్నారో కూడా చూశారు. అక్కడి రెండు థర్మల్ కరెంటు కేంద్రాలు, రైల్వే యార్డు, ఇనుము పోత పోసే చిన్న ఫౌండ్రీలు అన్నీ బొగ్గు మీదే నడుస్తూ, రిఫైనరీ రాకముందే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ నింపుతున్నాయని తేలింది. రిఫైనరీ 1982లో పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న ఇచ్చిన తీర్పు ఆ ప్రాంతంలో బొగ్గు, కోకు కాల్చే 292 పరిశ్రమలను సహజ వాయువుకి మారమంది, మారలేకపోతే తాజ్ పరిసరాల నుంచి తరలిపొమ్మంది. అనుమానం ఒకరి మీద మొదలైతే ఇంధనం లెక్క ఇంకా చాలామందిని బయటికి లాగింది. అంతమాత్రాన రిఫైనరీ నిర్దోషి అని కాదు. అందరి పద్దూ ఒకే పుస్తకంలో రాస్తేగాని ఎవరిది ఎంతో తెలియదని.

ఇప్పుడు ఏ రిఫైనరీ కొత్తగా రావాలన్నా, విస్తరించాలన్నా 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసి, ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. ఆ సభల్లో ముందు వరసల్లో కూర్చునేది చుట్టుపక్కల రైతులూ మత్స్యకారులూ. వాళ్లకు పట్టికలో అంకె కనిపిస్తుంది గాని, అది గంధకం లెక్క నుంచి వచ్చిందా, ఎక్కడో అమెరికా బాయిలర్ల సగటు నుంచి వచ్చిందా కనిపించదు. అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. రోజుకి ఎన్ని టన్నుల తైలం, ఎన్ని టన్నుల గ్యాసు? తైలంలో గంధకం ఎంత శాతం? ఆ శాతం ఏడాది సగటా, మంచి చమురు వచ్చిన నెలదా? ఈ మూడూ తెలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ అంకెని మన క్లాసులో ఎవరైనా సిగరెట్టు పెట్టె వెనక సరిచూడగలరు. ఆ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ కెమిస్ట్రీ చదువుకుంటున్న వాళ్లం తక్కువమందిమి కాదు.

గ్యాసు నుంచి కడిగేసిన గంధకం ఏమైనట్టు? ఎమీన్ ద్రావణంతో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టి, క్లాస్ పద్ధతిలో పచ్చటి గంధకంగా మారుస్తారు. మామిడి పూత మీద బూడిద తెగులుకి మనం నీళ్లలో కలిపి కొట్టే గంధకం మూలకంగా చూస్తే ఇదే. కాని ఇక్కడా మొత్తం చేతికి రాదు. పెద్ద యూనిట్లలో పాతవి 98.7 శాతం, కొత్తవి 99.5 శాతం పట్టాలని ప్రమాణం. వినడానికి రెండూ ఒకటే. రోజుకి 200 టన్నుల గంధకం వస్తే మొదటిదానిలో 2.6 టన్నులు, రెండోదానిలో ఒక టన్ను జారిపోతుంది. అంటే రోజుకి 5.2 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, లేదా 2 టన్నులు. నూటికి ఎంత పట్టారని కాక ఎంత వదిలారని చూస్తే తేడా తెలుస్తుంది. ఇంధనం పట్టికలో ఇది కనబడదు, వేరే వరసలో వెతకాలి.

వేరే వరసలో వెతకవలసింది ఇంకొకటి ఉంది. బరువైన చమురుని విరగగొట్టి పెట్రోలు చేసే యూనిట్‌లో ఉత్ప్రేరకం మీద బొగ్గులాంటి కోకు పేరుకుంటుంది. లోపలికి పోసిన చమురులో నూటికి అయిదు వంతుల దాకా ఇలా పేరుకోవచ్చు. దాన్ని పునరుత్పాదక గదిలో గాలి ఊది కాల్చేస్తారు. ఆ వేడితోనే యూనిట్ నడుస్తుంది. అది ఇంధనమే. కాని ఎవరూ కొనలేదు, ఏ ట్యాంకులోనూ లేదు, ఏ మీటరూ దాన్ని చూడలేదు. కాబట్టి ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. ఎంత గాలి ఊదారో, బయటికొచ్చిన పొగలో కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ ఎంతెంత ఉన్నాయో కొలిచి, దాన్నిబట్టి ఎంత కోకు కాలిందో వెనక్కి కడతారు. ఇంతసేపూ ఇంధనం చూసి పొగ చెప్పాం. ఇక్కడ పొగ చూసి ఇంధనం చెప్పాలి.